పైపట్టీ లేని కాగితాలు

ప్రపంచంలోని ప్రభుత్వాలన్నిటికీ మార్కులు వేసే పని ఆ భవనం మూడో అంతస్తులో జరుగుతుందన్న సంగతి కింది అంతస్తులోని కళ్లద్దాల దుకాణం వాళ్లకు కూడా తెలియదు. లిఫ్టు పక్కనున్న బోర్డు మీద ఒక పశ్చిమ దేశపు సంస్థ పేరు, దాని కింద చిన్న అక్షరాలతో ‘పఠన విభాగం’ అన్న మాట మాత్రమే ఉండేవి. లోపల పొడవాటి గది ఒకటి, అందులో నాలుగు బల్లలు, నలుగురు పాఠకులు, ఒక ప్రింటరు. గాజు తలుపు వెనక మేనేజరు. సముద్రాల అవతల ఉన్న ప్రధాన కార్యాలయం వారు ఏ ప్రభుత్వం ఏ పని చేసిందో ఒక్కో పేజీ సారాంశంగా రాయించి పంపేవారు. ఆ ప్రభుత్వం తన ప్రజల మెడ మీద వేసిన చెయ్యి ఎంత బరువైనదో సున్నా నుంచి పది దాకా తూచి చెప్పడం ఇక్కడివారి పని. సంస్థ దానికి పెట్టుకున్న పేరు పెద్దది. పాఠకులు మాత్రం ‘బిగింపు’ అనే పిలుచుకునేవారు. ఈ అంకెలన్నీ కూడితే ఏడాదికొక ‘సూచిక’ పుస్తకంగా వెలువడేది. దాన్ని చేతబట్టుకుని ఆ పశ్చిమ దేశాల్లో మంత్రులు ఉపన్యాసాలిచ్చేవారు, సంపాదకులు నిట్టూర్చేవారు.

ప్రతి సారాంశానికీ పైన బెత్తెడు వెడల్పు పట్టీ ఒకటి ఉండేది. అందులో, కాగితంలో ఇంకెక్కడా రాయని దేశం పేరు, నిరుడు ఆ దేశానికి వచ్చిన సగటు, ఆ సగటుకు తగిన రంగు ఉండేవి. నీలమంటే మంచి దేశం. పసుపంటే ఒక కన్నేసి ఉంచాల్సిన దేశం. ఎరుపంటే ఇక చూడనక్కర్లేని దేశం. చైనా కాగితాలు వచ్చిన నెలలో ప్రింటరులో ఎర్రసిరా అందరికంటే ముందు అయిపోయేది.

ఈ పట్టీ వల్ల పాఠకులకు మేలే జరిగేది. ముప్పై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పి వచ్చిన మాస్టారు పట్టీ చూసి, నిరుటి సగటుకు అటో ఇటో అర మార్కు చేర్చి, పదకొండు గంటలకల్లా ఆ రోజు కట్ట ముగించి దినపత్రిక విప్పేవాడు. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు చాలునన్నది ఆయన సిద్ధాంతం. మెతుకు కూడా ముట్టకుండా కుండ రంగు చూసి చెప్పేస్తున్నారు కదా అని ఎదుటి బల్ల దగ్గరి లాయరమ్మాయి దెప్పిపొడిచేది. కేసులు రాక ఈ కొలువులో చేరిన పిల్ల ఆమె. అయితే ఆమె కట్ట కూడా పదకొండున్నరకల్లా పూర్తయ్యేది.

ఈ గదిలోకి రెండేళ్ల కిందట, పాఠకులు వేసిన అంకెలు కూడే తాత్కాలిక ఉద్యోగిగా వచ్చిన ఆవిడను అందరూ పరీక్షలక్కయ్య అనేవారు. ఇరవై రెండేళ్లు ఒక విశ్వవిద్యాలయపు పరీక్షల విభాగంలో పనిచేసి, ఆ పనిని కంప్యూటర్లు తీసుకున్నాక ఇంటికి చేరిన మనిషి. మేనేజరు ఆమె చెల్లెలి భర్త. అతని మాట మీదే ఆమెకు ఈ పని దొరికింది. ఆఫీసులో వరసలు కలపరాదన్న నియమాన్ని అతనే పెట్టి, అతనే పాటించలేక సతమతమయ్యేవాడు. ఇంట్లో ‘వదినా’ అనేవాడు. ఆఫీసులో ‘మేడం’ అనేవాడు. ఆఫీసులో ‘వదినా’ అన్నాడంటే ఏదో సాయం అడగబోతున్నాడని, ఇంట్లో ‘మేడం’ అన్నాడంటే భోజనం మాని లేచిపోబోతున్నాడని అర్థం.

అక్కయ్యకు కావలసిందల్లా ఒక్కటే: పర్మనెంటు ఆర్డరు. చెల్లెలి ఇంట్లో ఇస్త్రీ బల్ల ఉన్న గదిలో ఆరేళ్లుగా ఆమె పడుకుంటోంది. ఇంట్లో ఎవరికి చొక్కా ఇస్త్రీ కావలసివచ్చినా ఆమె లేచి మంచం మడవాలి. రెండు వీధుల అవతల, మెట్ల పక్కన, ఒంటరి మనిషికి సరిపడే వాటా ఒకటి ఖాళీగా ఉంది. కిటికీకి సొంత గడియ, తలుపుకు సొంత తాళం. తాత్కాలికపు వాళ్లకు ఇల్లివ్వనని యజమానురాలు ఖండితంగా చెప్పేసింది. ఆర్డరు నకలు తెచ్చిన రోజునే తాళంచెవి చేతికిస్తానంది. ఆర్డరు ఈ ఏడు సూచిక పూర్తికాగానే వస్తుందని మేనేజరు మాటిచ్చాడు.

సూచిక పని మొదలయ్యే వారంలోనే కాగితాలు పంచే అమ్మాయి ప్రసవానికి సెలవు పెట్టింది; మేనేజరు మూడు వారాల శిక్షణ కోసం ప్రధాన కార్యాలయానికి విమానమెక్కాడు. పంచే బల్ల అక్కయ్యకు అప్పగించారు. రెండు వందల నలభై కాగితాల కట్ట ఆమె ముందుకు వచ్చింది. ఇరవై రెండేళ్లు జవాబు పత్రాల కట్టలు విప్పిన చేతులవి. వాటికి ఒకటే తెలుసు: దిద్దేవాడి దగ్గరికి కాగితం వెళ్లేముందు రాసినవాడి పేరు ఉన్న ముక్క విడిపోవాలి. ఆమె సంచిలోంచి పాత స్టీలు స్కేలు తీసింది, పట్టీ కింది గీత మీద ఆనించింది, చర్రున చించింది. కాగితం మీదా, పట్టీ వెనకా ఒకే సంకేత సంఖ్య వేసింది. కట్టంతా అయ్యేసరికి మధ్యాహ్నమైంది. పట్టీలన్నిటినీ వరసగా పేర్చి సొరుగులో పెట్టి తాళం వేసింది. తాను కొత్తగా ఏదో చేస్తున్నానన్న స్పృహ కూడా ఆమెకు లేదు.

మొదట గోలపెట్టింది చరిత్ర మాస్టారే.

“ఏమ్మా, ఇది ఏ దేశానిదో రాయలేదే?”

“దిద్దేవాళ్లకెందుకు మాస్టారూ ఆ సంగతి?”

“అదేమిటమ్మా? నిరుడెంత వచ్చిందో తెలియకపోతే ఈ ఏడు ఎంత వెయ్యాలో ఎలా తెలుస్తుంది?”

“మీ బళ్లో పిల్లల పేపర్ల మీద వాళ్ల నాన్న పేరూ, పోయిన ఏటి మార్కులూ రాసి పంపేవారా?”

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుని, చేసేది లేక, చదవడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఆయన దినపత్రిక విప్పలేదు. సాయంత్రం వెళ్తూ, ఈ కాగితాల్లో ఇంత విషయం ఉంటుందని తనకెవరూ చెప్పలేదని వాపోయాడు.

మూడు వారాలూ ఆ గది తీరు మారిపోయింది. మధ్యాహ్నం టీ వేళ ఏ కాగితం ఏ దేశానిదో ఊహించడం ఒక ఆటైంది. ఒక నగరంలో దీపస్తంభాలన్నిటికీ కెమెరాలు బిగించారట. దారిన పోయేవారి ముఖాలన్నీ ఒక చోట దాచారట. ఆ పని ఎందుకని ఊరేగింపు తీసినవారి ఇళ్లకు, ఆ ముఖాల సాయంతోనే, తాఖీదులు వెళ్లాయట. నలుగురి సగటు ఎనిమిది వచ్చింది. ఇది చైనా కాకపోతే మీసం తీయించుకుంటానన్నాడు మాస్టారు. మరో చోట రైలు మార్గం కోసం ఊళ్లు ఖాళీ చేయించారు. ఏడాది ముందు కబురు చేశారు, కొత్త ఇళ్లు కట్టాకే పాతవి కూల్చారు, పేచీ పెట్టిన ముసలాయన ఇంటిని వదిలేసి పట్టాలను పక్కకు తిప్పారు. దానికి మూడు వచ్చింది. ఇది తప్పకుండా నీలం పట్టీ దేశమేనని లాయరమ్మాయి తేల్చింది. ఇంకొక కాగితంలో, కార్మికుల తరఫున వాదించిన ఒక వకీలును ఏ నేరమూ మోపకుండా నెలల తరబడి నిర్బంధించారు. భార్యకు కూడా చోటు చెప్పలేదు. అది చదివాక లాయరమ్మాయి ఆటలోకి రాలేదు. తొమ్మిది వేసి, కాగితం బోర్లించి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

చివరి రోజు అక్కయ్య సొరుగు తీసి, సంఖ్యలు సరిచూసి, పట్టీలను కాగితాలకు మళ్లీ అతికించింది. కెమెరాల నగరం ప్రధాన కార్యాలయం ఉన్న నగరమే. పట్టాలు పక్కకు తిప్పింది చైనా. వకీలును దాచిందీ చైనాయే. మాస్టారు మీసం మీద చెయ్యి వేసుకుని, మాట అన్నవేళ రాహుకాలం కాబట్టి చెల్లదన్నాడు. అక్కయ్య లెక్క తప్పకుండా అంకెలు కూడి, ఎప్పటిలాగే పంపేసింది.

మేనేజరు తిరిగివచ్చిన రోజు సూటుకేసు ఇంట్లో దించకుండా నేరుగా ఆఫీసుకు వచ్చాడు. గాజు తలుపు మూసి, “మేడం, కూర్చోండి” అన్నాడు, అర నిమిషం తర్వాత, “వదినా, ఏం చేశారు?” అన్నాడు. విషయమేమిటంటే, నిరుడు ఎనిమిది పాయింట్ ఆరు ఉన్న చైనా ఆరు పాయింట్ తొమ్మిదికి దిగింది. ప్రధాన కార్యాలయపు డైరెక్టరుగారి సొంత దేశం ఒకటి పాయింట్ ఎనిమిది నుంచి నాలుగు పాయింట్ ఏడుకు ఎక్కింది. వారి పార్లమెంటులో ఎవరో ఈ సంగతి పసిగట్టకముందే సర్దుకోవాలి.

“ఇప్పటికీ చైనాదే పెద్ద అంకె కదా మరిదిగారూ” అంది అక్కయ్య.

“పెద్దదే. కానీ ఇద్దరూ ఒకే తక్కెడలో కూర్చున్నారు కదా వదినా. వాళ్ల బాధ అది.”

మర్నాడు డైరెక్టరు తెర మీదికి వచ్చాడు. సౌమ్యుడు, వెనక గోడంతా పుస్తకాలు. తనకు చైనా అంటే ఎలాంటి ద్వేషమూ లేదని, ఇంట్లో ఆ దేశపు పింగాణీ పాత్రలు మూడు తరాలుగా ఉన్నాయని, ఆ ప్రజలంటే ఎనలేని గౌరవమని, వారిలో ఇద్దరితో స్వయంగా మాట్లాడానని మొదలుపెట్టాడు. తాను బాధపడేది అక్కడి ప్రభుత్వాన్ని చూసి మాత్రమే. తరువాత తన నగరపు కెమెరాల సంగతికి వచ్చాడు. అవి పెట్టినవారు ప్రజలు ఎన్నుకున్నవారు, ఇష్టం లేకపోతే వచ్చే ఎన్నికల్లో దించేయవచ్చు, పత్రికలు తిట్టవచ్చు, కోర్టుకు వెళ్లవచ్చు. అదంతా చూడకుండా ఎనిమిదా?

అతని మాటలో న్యాయముందని గదిలో అందరికీ తోచింది. లాయరమ్మాయి లేచి, ఆ సంగతులు కాగితంలో ఉంటే తప్పకుండా తగ్గించేవాళ్లమని, వెతికినా ఒక్క ముక్క కనబడలేదని వినయంగా చెప్పింది. డైరెక్టరు నవ్వి, వాటిని వేరే రాయడమెందుకని, నీలం పట్టీ చూస్తే తెలుస్తుంది కదా అని బదులిచ్చాడు.

“మరి ఎర్రపట్టీ చూస్తే ఏం తెలుస్తుందండీ?” అని అడిగింది అక్కయ్య.

మేనేజరు ఆ ప్రశ్నను ఇంకాస్త మెత్తగా చేసి అందించాడు. అదీ తెలుస్తుంది కదా అన్నాడు డైరెక్టరు. ఆ రైలు మార్గం ఉదంతంలో కొత్త ఇళ్లు ఎందుకు కట్టించారో, ముసలాయనను ఎందుకు వదిలేశారో, దాని వెనక ఏ ఎత్తుగడ ఉందో పాఠకులు ఆలోచించాల్సిందని సలహా ఇచ్చాడు. కెమెరాల వెనక ఎత్తుగడను కూడా ఆలోచించాలా అని మాస్టారు నిజంగానే తెలియక అడిగాడు. సరిగ్గా ఆ క్షణంలో తెర ఆగిపోయింది. ఆపింది మేనేజరేనని తరువాత అందరూ అనుకున్నారు.

వార్త ఎలా పొక్కిందో తెలియదు గాని, రెండు రోజుల్లో చైనా పక్షాన రాసే ఒక పత్రిక విలేకరి మెట్లెక్కి వచ్చాడు. లిఫ్టు పనిచేస్తున్నా మెట్లే ఎక్కాడు. అంత ఉత్సాహంగా ఉన్నాడు. అక్కయ్యకు నమస్కరించి, సత్యం కోసం నిలబడిన మహిళ అని పొగిడి, రైలు మార్గం కాగితానికి ఒక్క నకలు ఇప్పించమన్నాడు. ఆవిడ రైలు మార్గం కాగితం మీద వకీలు కాగితం కూడా పెట్టి చూపించింది. ఆయన రెండోదాన్ని వేలికొసతో పక్కకు జరిపాడు.

“ఇది అక్కర్లేదండీ. దీని వెనక చాలా సంగతులున్నాయి, మీకు తెలియవు.”

“అవి కాగితంలో ఉన్నాయా?”

“కాగితంలో ఎందుకుంటాయండీ? ఆ దేశం సంగతి తెలిసినవాళ్లకు తెలుస్తుంది.”

“అయితే మీరూ పైపట్టీ మనుషులే” అంది అక్కయ్య. రెండూ కలిపి తీసుకుంటే మేనేజరును అడిగి ఇప్పిస్తానని, ఒక్కటే అయితే కుదరదని చెప్పింది. విలేకరి ఈసారి లిఫ్టులో దిగిపోయాడు.

ఆ శుక్రవారం మేనేజరు రెండు కాగితాలు తెచ్చి ఆమె బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఆరు పంక్తుల వాంగ్మూలం: పంచే బల్ల దగ్గర జరిగిన పొరపాటు వల్ల పాఠకులకు అసంపూర్ణమైన కాగితాలు అందాయని, అందువల్ల ఆ మార్కులు చెల్లవని. రెండోది పర్మనెంటు ఆర్డరు. మొదటిదాని మీద సంతకం పడితే రెండోది ఆమెది.

“సోమవారం దాకా ఆగుతాను వదినా. నిరుటి అంకెలే మళ్లీ అచ్చువేస్తారట. మీకు పోయేదేముంది చెప్పండి? పొరపాటు అని రాస్తే ప్రపంచం మునిగిపోదు.”

“పొరపాటు కాదు కదా.”

“కాదు. కానీ ఆ ఇంటావిడ మిమ్మల్ని అడిగేది పొరపాటా కాదా అని కాదు, ఆర్డరు ఉందా లేదా అని.”

అది నిజమే. ఆ సాయంత్రం ఇస్త్రీ గదిలో చెల్లెలు మంచం మీద కూర్చుని, “సంతకం పెట్టెయ్యక్కా, నీ తాళం నీకొస్తుంది” అంది. చెల్లెలి కంఠంలో విసుగు లేదు. అంతకంటే భరించలేనిది, జాలి ఉంది. అక్కయ్య సరేనంది. ఆ మాట మనసులోంచే అంది. శనివారం ఉదయం కలం మూత తీసి వాంగ్మూలం ముందు కూర్చుంది కూడా. అయితే ఏ కాగితాన్నీ చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఆమెకు లేదు కనుక ముందుగా ఆర్డరు చేతిలోకి తీసుకుంది. చదువుతున్నంతసేపూ పైన ఉన్న సంస్థ పేరు, నీలిరంగు ముద్ర ఆమె కంటికి అడ్డం వస్తూనే ఉన్నాయి. స్కేలు పెట్టి ఆ భాగాన్ని వెనక్కి మడిచింది. మళ్లీ మొదటినుంచి చదివింది. కలానికి మూత పెట్టింది.

ఆ పూట ఆమె ఒక సారాంశం రాసింది. ప్రధాన కార్యాలయపు పద్ధతి తప్పలేదు: పై వారిని ‘అధికారులు’ అనాలి, కింది వారిని ‘నివాసులు’ అనాలి, సొంతమాట ఒక్కటీ చేర్చకూడదు. సోమవారం ఉదయం దానికి రెండు వందల నలభై ఒకటి అన్న సంకేత సంఖ్య వేసి నాలుగు బల్లల మీదా నాలుగు నకళ్లు ఉంచింది. ఏదో మిగిలిపోయిందనుకుని నలుగురూ చదివారు.

ఒక చోట అధికారులు నివాసుల ఉత్తరాలను, సంభాషణలను ఏ వేళనైనా, చెప్పకుండానే, పరిశీలించవచ్చు. వారు మెలిగే చోట్ల కెమెరాలు ఉంటాయి. వాటికి సమ్మతించినట్లు ముందే రాసివ్వాలి. అక్కడి విషయాలు బయటివారితో గాని పత్రికలతో గాని మాట్లాడితే శిక్ష. ఇద్దరికి మించి కలిసి అర్జీ పెట్టుకోరాదు. ఇల్లు మారితే వారంలోగా తెలపాలి. కారణం చెప్పకుండా ఎవరినైనా బహిష్కరించవచ్చు. ఆ నిర్ణయాన్ని ఎక్కడా ప్రశ్నించరాదు.

మాస్టారు చదివి నిట్టూర్చి తొమ్మిది వేశాడు. “ఈసారి మాత్రం పందెం కాయనమ్మా. కానీ ఇది ఎర్రపట్టీ కాకపోతే నా చదువు దండగ” అన్నాడు. మిగతా ఇద్దరూ ఎనిమిదేసి వేశారు. లాయరమ్మాయి తొమ్మిది వేసి, వివరణ కోసం ఉన్న ఖాళీలో, ఇలాంటి చోట మనుషులు ఎందుకు ఉంటారో తెలియదని రాసింది. కూడితే సగటు ఎనిమిదిన్నర.

అక్కయ్య సారాంశానికి ఆర్డరును, ఆర్డరుకు సంతకం లేని వాంగ్మూలాన్ని గుండుసూదితో గుచ్చి, గాజు తలుపు తీసి, మేనేజరు ముందు పెట్టి వచ్చింది. తరువాత ఇంటావిడకు ఫోను చేసి, వాటా మరెవరికైనా ఇచ్చుకోమని చెప్పింది. అవతల ఆవిడ ఏమందో గాని, “లేదండీ, ఉద్యోగం వచ్చింది. నేనే వద్దన్నాను” అని ఇవతల అక్కయ్య రెండుసార్లు చెప్పవలసివచ్చింది. ఫోను పెట్టేసి తన వస్తువులు సంచిలో సర్దుకుంది: చేతిరుమాలు, టీ గ్లాసు, స్టీలు స్కేలు.

గాజు తలుపు వెనక మేనేజరు గుండుసూది తీసి కాగితాలను పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకసారి సారాంశం చదివాడు, ఒకసారి ఆర్డరు చదివాడు, వేలితో పంక్తి పంక్తికీ పోల్చాడు. ఆ తర్వాత బయటికి వచ్చి ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు. అప్పుడు అతను మేడం అనలేదు, వదినా అని కూడా అనలేదు.

“నాలుగేళ్ల కిందట నేను సంతకం పెట్టినదాంట్లో కూడా ఇవే ఉంటాయంటారా?”

“నాకెలా తెలుస్తుంది మరిదిగారూ? మీరు చదవలేదా?”

“పైన పేరు చూసి పెట్టేశాను.”

అతను లోపలికి వెళ్లి, అడుగు సొరుగు లాగి, ఫైళ్ల కిందినుంచి పసుపెక్కిన కవరొకటి తీశాడు. అందులోని కాగితాన్ని బల్ల మీద పరిచి కాసేపు చూశాడు. పై భాగాన్ని చేత్తో మడవబోయాడు. గీత తిన్నగా రాలేదు. తలుపు సగం తెరిచి, పాఠకులకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

“వదినా, ఆ స్కేలు ఒకసారి ఇస్తారా?”

అక్కయ్య సంచి అడుగున సర్దుకున్న స్కేలును మళ్లీ బయటికి తీసింది.